చెరువుకు రాని పోటు, రాతికి వచ్చే పోటు

చంద్రుడు లాగడం వల్ల సముద్రానికి పోటు వస్తుందని బడి పుస్తకాల్లో ఉంటుంది. ఆ పాఠం దగ్గర కదిరి పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. అంత పెద్ద సముద్రాన్నే పైకి లేపగలిగిన చంద్రుడు మా ఊరి చెరువును ఎందుకు లేపడు? పున్నమి రాత్రి చెర్లోపల్లి జలాశయం గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసినా నీళ్ళు రాతికట్టు మీద ఒక్క వేలెడు కూడా ఎక్కవు. చంద్రుడు బంగాళాఖాతం మీద ఎంత ఉన్నాడో మన నెత్తి మీదా అంతే ఉన్నాడు. మరి ఈ పక్షపాతం ఎందుకు?

కదిరికి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడినట్టు లెక్క. ఇక్కడ నీళ్ళంటే చెరువు, బోరు, వేసవిలో ట్యాంకరు. అయినా ఆటుపోట్ల కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. సముద్రం పక్కనే ఉన్నవాళ్ళకు పోటు రోజూ కనిపిస్తుంది కాబట్టి అది ఎందుకు వస్తుందన్న ప్రశ్న అరిగిపోతుంది. సముద్రం లేనిచోట ఆ ప్రశ్న పదునుగా ఉంటుంది. "మా చెరువుకు ఎందుకు రాదు" అన్న మాటకు సరైన జవాబు చెప్పాలంటే గెలీలియో నుంచి లాప్లాస్ దాకా అందరినీ పలకరించాలి.

పున్నమికి పొంగే కడలి

తీరం మీద పుట్టి పెరిగినవాళ్ళకు చంద్రుడికీ పోటుకూ ఉన్న చుట్టరికం ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రోదయం కూడా రోజుకు ఇంచుమించు అంతే వెనకబడుతుంది. పున్నమికీ అమావాస్యకూ నీరు బాగా ఎక్కుతుంది, బాగా తీస్తుంది. అష్టమి నాటికి ఆ ఉద్ధృతి తగ్గుతుంది. ఇదంతా వేటకు వెళ్ళే ప్రతి పడవ మీదా తెలిసిన లెక్క.

మన పురాణాలు చంద్రుణ్ణి సముద్రుడి కొడుకన్నాయి. కొడుకును చూసి తండ్రి పొంగిపోతాడన్న ఊహ కవులకు ఎంతో నచ్చింది. విష్ణు పురాణంలో మాత్రం కవిత్వం కాని మాట ఒకటుంది. సముద్రంలో నీరు నిజానికి పెరగదు, తరగదు. పొయ్యి మీద పెట్టిన పాత్రలో నీరు వేడికి ఉబ్బినట్టు చంద్రుడు పెరిగినప్పుడు ఉబ్బుతుంది అని దాని సారాంశం. వేడి సంగతి తప్పు. కానీ నీటి పరిమాణం మారకుండానే మట్టం మారుతోందని గుర్తించడం చిన్న విషయం కాదు. ఎక్కడి నుంచో కొత్త నీరు వచ్చి చేరడం లేదు, ఉన్న నీరే ఏదో అవుతోంది. ఆ "ఏదో" ఏమిటన్నదే తర్వాతి కథంతా.

గ్రీకులకు ఈ లెక్క ఆలస్యంగా అందింది. వాళ్ళ మధ్యధరా సముద్రంలో పోటు చాలాచోట్ల జానెడు, మూరెడు మించదు. క్రీ.పూ. 325లో అలెగ్జాండర్ నౌకలు సింధు నది ముఖద్వారం చేరాయి. ఉన్నట్టుండి నీరు తీసేసి ఓడలు బురదలో కూలబడితే సైనికులు భయపడిపోయారు. కొన్ని గంటలకు నీరు తిరిగి వచ్చినప్పుడు ఇంకా భయపడ్డారు. ఇంచుమించు ఆ కాలంలోనే మస్సాలియా అనే గ్రీకు నగరానికి చెందిన పితియాస్ బ్రిటన్ దాకా ఓడలో వెళ్ళి వచ్చి పోటుకు చంద్రుడితో సంబంధం ఉందన్నాడు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో సెల్యూకస్ అనే ఖగోళజ్ఞుడు ఇంకాస్త లోతుకు వెళ్ళి, ఒకే రోజు వచ్చే రెండు పోట్లు ఎప్పుడూ సమానంగా ఉండవనీ, ఆ తేడా చంద్రుడి స్థానాన్ని బట్టి మారుతుందనీ గమనించాడు.

క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ మనకు బాగా పనికొచ్చే పుస్తకం. నర్మద ముఖద్వారం దగ్గర బరుకచ్ఛానికి, అంటే నేటి భరూచ్‌కు, వెళ్ళే ఓడలను పోటు ఎలా ఈడ్చుకుపోతుందో అతడు భయంతో వర్ణించాడు. అదే పుస్తకంలో మసాలియా, అంటే మన మచిలీపట్నం ప్రాంతం కూడా ఉంది. అక్కడ నేసే సన్నని బట్టల గురించే తప్ప పోటు గురించి మాటే లేదు. ఒకే దేశం, ఒకే చంద్రుడు. గుజరాత్‌లో ఓడలు కొట్టుకుపోతుంటే కృష్ణ ముఖద్వారంలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఇలాంటిదే ఇంకొక చిక్కును ఇంగ్లండ్ సన్యాసి బీడ్ 725లో రాసి పెట్టాడు. ఒకే తీరం మీద ఒక్కో రేవుకు పోటు ఒక్కో వేళకు వస్తుంది. చంద్రుడే నేరుగా నీటిని లేపుతుంటే చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడు అన్ని రేవుల్లోనూ ఒకేసారి పోటు రావాలి కదా! ఈ చిక్కు తర్వాత దాదాపు వెయ్యేళ్ళు అలాగే ఉండిపోయింది.

ట్యాంకరులో నీళ్ళు

1609లో కెప్లర్, భూమి మీద నీటిని చంద్రుడు ఆకర్షిస్తాడనీ, పోటు అందువల్లేననీ రాశాడు. గెలీలియోకు ఆ మాట గిట్టలేదు. దూరాన ఉన్న వస్తువు మధ్యలో ఏ తాడూ లేకుండా లాగడమంటే ఆయనకు మంత్రతంత్రాల మాటలా తోచింది. కెప్లర్ అంతటివాడు ఇలాంటివి నమ్మాడేమిటని 1632 నాటి తన సంవాద గ్రంథంలో ఆశ్చర్యపోయాడు కూడా. ఆ గ్రంథానికి ఆయన మొదట పెట్టాలనుకున్న పేరే సముద్రపు ఆటుపోట్ల మీద. భూమి కదులుతోందనడానికి పోటే సాక్ష్యమని ఆయన నమ్మకం.

గెలీలియో ఆలోచన కదిరివాళ్ళకు చప్పున అందుతుంది. వేసవిలో నీళ్ళ ట్యాంకరు సందు మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే ఏమవుతుంది? బండి ఆగుతుంది గానీ లోపలి నీరు ఆగదు. ముందు గోడకు ఎగబాకి, వెనక్కి మళ్ళి, వెనక గోడకు ఎగబాకి, కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. పైమూత తెరిచి ఉంటే రోడ్డు మీద చిందుతుంది కూడా. ట్యాంకరు సగమే నిండి ఉంటే ఈ ఊపు మరీ ఎక్కువ, బండినే తోసేస్తుంది. అందుకే ట్యాంకర్లలో అడ్డు రేకులు పెడతారు. గెలీలియో వెనిస్ నగరానికి మంచినీళ్ళు తెచ్చే పడవల్లో సరిగ్గా దీన్నే చూశాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతుంది. ఒక పక్కన ఈ రెండు వేగాలూ కలుస్తాయి, ఎదుటి పక్కన ఒకదానిలోంచి ఒకటి తీసివేత అవుతుంది. అంటే ప్రతి సముద్రమూ రోజులో ఒకసారి వేగం అందుకుని, ఒకసారి బ్రేకు వేసుకునే ట్యాంకరు లాంటిదేనని ఆయన అన్నాడు.

ఈ వాదన నిలవలేదు. రెండు కదలికలూ సాఫీగా సాగేవే కాబట్టి ఆయన చెప్పిన కుదుపు నీటికి తగలదు. తగిలిందనుకున్నా రోజుకు ఒకే పోటు రావాలి, అదీ రోజూ ఒకే వేళకు రావాలి. 50 నిమిషాల ఆలస్యానికి ఆయన దగ్గర జవాబు లేదు. అది ఏ బెస్తవాడికైనా తెలిసిన విషయం.

గెలీలియో పొరపాటును ఎత్తిచూపి అక్కడితో వదిలేసే పుస్తకాలు చాలా ఉన్నాయి. అది న్యాయం కాదనిపిస్తుంది నాకు. నీటిని కదిలించేది ఏదన్న విషయంలో ఆయన పొరబడ్డాడు. కదిలిన నీరు ఎలా ప్రవర్తిస్తుందన్న విషయంలో తనకు ముందున్న అందరికంటే సరిగ్గా ఆలోచించాడు. తొట్టి పొడవును బట్టి, లోతును బట్టి నీటికి తనదైన ఊపు ఉంటుందని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ మాట 150 ఏళ్ళ తర్వాత తిరిగి అవసరమైంది.

న్యూటన్, చెరువు లెక్క

1687లో న్యూటన్ ప్రిన్సిపియా వచ్చింది. విశ్వంలో ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ ఆకర్షిస్తుందన్న సూత్రంతో పోటు కూడా ఒక లెక్కగా మారింది. ఇక్కడ నిదానంగా నడవాలి. చాలామంది తడబడేది ఈ మెట్టు దగ్గరే.

చంద్రుడు భూమి మొత్తాన్నీ లాగుతున్నాడు. కానీ అన్నిచోట్లా ఒకే బలంతో కాదు. తనకు ఎదురుగా ఉన్న వైపును కొంచెం ఎక్కువగా, భూమి నడిబొడ్డును ఓ మాదిరిగా, అవతలి వైపును కొంచెం తక్కువగా లాగుతాడు. అందరినీ సమానంగా లాగితే అంతా కలిసి కదులుతారు, ఎవరికీ తేడా తెలియదు. పోటు పుట్టేది లాగుడులోంచి కాదు, లాగుడులోని తేడాలోంచి. ఇవతలి నీరు భూమి కంటే కాస్త ముందుంటుంది, అవతలి నీరు కాస్త వెనకబడుతుంది. అందుకే చంద్రుడి వైపున ఒకటి, దానికి సరిగ్గా ఎదుటి వైపున ఒకటి, మొత్తం రెండు పోట్లు.

సూర్యుడి సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. సూర్యుడు భూమిని లాగే బలం చంద్రుడి బలానికి సుమారు 180 రెట్లు. అయినా పోటులో సూర్యుడి వంతు చంద్రుడి వంతులో సగం కూడా ఉండదు. అంత దూరం నుంచి చూసేవాడికి భూమి ఇవతలి అంచుకూ అవతలి అంచుకూ పెద్ద తేడా ఉండదు మరి. పున్నమికీ అమావాస్యకూ ఇద్దరూ ఒకే వరసలోకి వస్తారు, పోట్లు కలుస్తాయి. అష్టమికి అడ్డదిడ్డంగా ఉంటారు, ఒకరి పనిని ఒకరు తగ్గిస్తారు.

ఇప్పుడు చెరువు దగ్గరకు వద్దాం. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు పోటు బలం మన బరువులో ఎంత తగ్గిస్తుంది? తొంభై లక్షల్లో ఒక వంతు. క్వింటాలు వేరుశెనగ మూటలో 11 మిల్లీగ్రాములు. ఈ బలంతో ఏ చెరువూ పైకి లేవదు, నిజానికి సముద్రమూ లేవదు. చంద్రుడు నీటిని పైకి ఎత్తుతాడన్న మాట, పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆ ఉబ్బిన నీటి బొమ్మ, రెండూ మన పిల్లలకు దశాబ్దాలుగా తప్పు దారి చూపిస్తున్నాయి. 1740లో పారిస్ సైన్స్ అకాడమీ పోటు మీద ఉత్తమ వ్యాసానికి బహుమతి ఇచ్చింది. దాన్ని పంచుకున్న నలుగురిలో ఒకడైన ఆయిలర్ అసలు సంగతి పట్టుకున్నాడు. పైకి ఎత్తే బలం గురుత్వం ముందు దిగదుడుపు. కానీ భూమి ఉపరితలం వెంబడి పక్కకు తోసే బలానికి ఎదురు నిలిచేది ఏదీ లేదు. ఆ పక్కతోపుడు ఎంత చిన్నదైనా, వేల కిలోమీటర్ల పొడవునా ప్రతి చుక్కనూ ఒకే వైపుకు జరుపుతుంది. అలా జరిగిన నీరంతా ఒకచోట పోగవుతుంది. పోటు అంటే ఎత్తిన నీరు కాదు, జరిగి వచ్చిన నీరు.

అందుకే వెడల్పు ముఖ్యం. రెండు కిలోమీటర్ల వెడల్పున్న చెరువులో ఈ తోపుడు ఒక గట్టు దగ్గర నీటిని రెండో గట్టు కంటే ఎంత పెంచగలదో లెక్క కడితే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా రాదు. గాలి లేచి చిన్న అల వచ్చినా అంతకు వంద రెట్లుంటుంది. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు మన జిల్లాలు నాలుగైదు కలిపినా మించేంత పెద్దది, దానికే పోటు 5 సెంటీమీటర్లు దాటదు. చంద్రుడికి పక్షపాతం లేదు. మన చెరువుకూ పోటు ఉంది, కంటికి ఆననంత ఉంది.

అందుకోలేని పరుగు

న్యూటన్ లెక్క ప్రకారం భూమి అంతా లోతైన సముద్రమే అయి, ఆ నీరు చంద్రుడి ఆజ్ఞకు అప్పటికప్పుడు లొంగితే పోటుకూ ఆటుకూ మధ్య తేడా అర మీటరు చుట్టుపక్కల ఉండాలి. నిజంగా ఎంత ఉంది? చెన్నైలో సుమారు మీటరు. విశాఖలో ఒకటిన్నర మీటర్ల చుట్టుపక్కల. హుగ్లీ ముఖద్వారం దగ్గర సాగర్ దీవిలో 5 మీటర్ల దాకా. ఖంభాత్ సింధుశాఖలో భావ్‌నగర్ దగ్గర 10 మీటర్ల పైమాటే. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడంత. చంద్రుడు మారలేదు, ఇన్ని అంకెలు ఎలా వచ్చాయి?

1775లో లాప్లాస్ ఈ ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఆయన వేసిన ప్రశ్న, చంద్రుడి వెంట పరుగెత్తడం సముద్రానికి అసలు సాధ్యమేనా అని. భూమధ్యరేఖ దగ్గర చంద్రుడి కింది బిందువు గంటకు 1600 కిలోమీటర్లకు దగ్గరగా పరుగెడుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో ఇలాంటి పొడవాటి అల వేగం గంటకు 700 కిలోమీటర్లే. చంద్రుణ్ణి అందుకోవాలంటే సముద్రం 20 కిలోమీటర్లకు మించిన లోతు ఉండాలి. పైగా దారిలో ఖండాలు అడ్డం. కాబట్టి నీరు చంద్రుడి కింద ముద్దగా నిలబడి తిరగదు. చంద్రుడు సుమారు పన్నెండున్నర గంటలకోసారి తోస్తుంటాడు, ఒక్కో సముద్రమూ తన పొడవును బట్టి, లోతును బట్టి తనదైన తీరులో ఊగుతుంది.

ట్యాంకరు మళ్ళీ వచ్చింది చూడండి. బ్రేకు వేసేది గెలీలియో చెప్పిన భూభ్రమణం కాదు, కెప్లర్ చెప్పిన చంద్రుడు. కానీ లోపల నీరు ఊగే తీరు గెలీలియో చెప్పినదే. డ్రైవరు బ్రేకు మీద కాలు వేసి తీసే లయ, నీరు అటూ ఇటూ ఊగే లయ ఒకటైతే చిన్న కుదుపులకే నీరు మూత దాకా లేస్తుంది. ఫండీ అఖాతంలో నీటి సొంత ఊపుకు సుమారు 13 గంటలు పడుతుంది, చంద్రుడి తోపుడు 12 గంటల 25 నిమిషాలకోసారి. రెండూ దాదాపు కలిశాయి కాబట్టే అక్కడ 16 మీటర్లు. ఖంభాత్‌లో దీనికి తోడు తీరం గరాటులా ఇరుకై నీటిని ఒక్కచోటికి తెస్తుంది. మన కోస్తాలో సముద్రం తీరానికి కొద్ది దూరంలోనే లోతుకు పడిపోతుంది, గరాటూ లేదు, అందుకే పోటు నెమ్మది. పెరిప్లస్ నావికుడు భరూచ్‌లో భయపడి, మసాలియాలో బట్టల గురించి మాత్రమే రాసుకున్నాడంటే కారణం సముద్రం అడుగు ఆకారంలో ఉంది. బీడ్ చిక్కు కూడా దీనితోనే విడిపోయింది. పోటు చంద్రుడి నుంచి నేరుగా రేవుకు రాదు, సముద్రం మీదుగా అలలా ప్రయాణించి వస్తుంది. ఏ రేవుకు ఎప్పుడు చేరితే అదే ఆ రేవు వేళ.

ఆ ప్రయాణాన్ని పటం మీద గీయాలని ఇంగ్లండ్‌లో విలియం హ్యూయెల్ పట్టుబట్టాడు. 1835 జూన్‌లో ఐరోపా, ఉత్తర అమెరికా తీరాల్లో ఆరు వందలకు పైగా చోట్ల రెండు వారాల పాటు రాత్రింబగళ్ళు పావుగంటకోసారి నీటి మట్టం రాయించాడు. పోటు అల ఉత్తర సముద్రంలో ఒక బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు ఆ అంకెల్లోంచి తోచింది. అలాగైతే ఆ బిందువు దగ్గర పోటే ఉండకూడదు. 1840లో కెప్టెన్ హెవెట్ అక్కడికి ఓడలో వెళ్ళి లోతు కొలిచాడు. నీటి మట్టంలో మార్పు దాదాపు లేదు. నడిసముద్రంలో పోటు లేని చోటు! మహాసముద్రాల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయని తర్వాత తేలింది.

విశాఖ రేవులో పెన్సిలు గీత

లాప్లాస్ సిద్ధాంతం సరైనదే గానీ దానితో కాకినాడ రేవులో రేపటి పోటు ఎప్పుడో చెప్పడం అప్పటికి అసాధ్యం. ప్రతి సముద్రం అడుగునూ, ప్రతి తీరం వంపునూ లెక్కలోకి తేవాలి. 1867 నుంచి విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినవాడు, వేరే దారి పట్టాడు. రేవు తన పోటును తానే చెబుతుంది, మనం విని రాసుకుంటే చాలు. చంద్రుడి లయ 12 గంటల 25 నిమిషాలు, సూర్యుడి లయ సరిగ్గా 12 గంటలు, చంద్రుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరగడం వల్ల వచ్చే రోజువారీ లయలు, పక్షం లయ, నెల లయ. ఆకాశంలోంచి ఈ లయలన్నీ ముందే తెలుసు. ఒక్కో లయకు ఈ రేవు ఎంత స్పందిస్తుందో, ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో ఏడాది కొలతల్లోంచి విడదీస్తే, వాటిని తిరిగి కూడి రాబోయే ఏళ్ళ పోట్లన్నీ చెప్పవచ్చు. కూడిక కోసం కెల్విన్ 1872లో కప్పీలు, దారంతో ఒక యంత్రం చేయించాడు. 1879లో భారతదేశపు రేవుల కోసమే అలాంటిదొకటి లండన్‌లో తయారైంది.

కొలతలు తీసే పని సర్వే ఆఫ్ ఇండియాది. కెప్టెన్ బెయిర్డ్ 1870లలో కచ్ సింధుశాఖలో మొదలుపెట్టాడు. ఆపైన ఒక రేవు తర్వాత ఒక రేవు. 1880ల నాటికి విశాఖపట్నంలో, ఆ దశాబ్దంలోనే కాకినాడలో పోటు మాపకాలు పనిచేశాయి. సముద్రంతో గొట్టం ద్వారా కలిసిన ఒక బావి, అందులో తేలే బెండు, బెండుకు కట్టిన తీగ, తీగ చివర పెన్సిలు, గడియారంతో తిరిగే డ్రమ్ము మీద కాగితం. బెండు లేస్తే గీత లేస్తుంది. ఎండలో, తుఫానులో, పండగ పూట కూడా ఎవరో ఒకరు వెళ్ళి గడియారం సరిచూసి కాగితం మార్చాలి. పోటు చరిత్రలో న్యూటన్ పేరుంటుంది, కెల్విన్ పేరుంటుంది. ఆ కాగితాలు మార్చిన ఉద్యోగుల పేర్లు ఎక్కడా కనబడవు. వాళ్ళు లేకపోతే కింద చెప్పబోయే మూడు విషయాలూ లేవు.

మొదటిది సునామీ. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చింది. విశాఖతో సహా బంగాళాఖాతం రేవుల్లోని పెన్సిళ్ళు పోటు గీత మీద వేరే అలలను గీశాయి. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు కూడా భారత రేవుల్లో ఇలాగే జరిగింది. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం సునామీని పసిగట్టే పద్ధతికి మూలం ఇదే. రావలసిన పోటును తీసివేస్తే మిగిలేది అనుమానించవలసిన అల.

రెండోది కదిరివాళ్ళు రోజూ చూసేది. ధర్మవరం, పాకాల మధ్య రైలు మార్గంలో ఏ స్టేషను బోర్డు చూసినా పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు కనిపిస్తుంది. కదిరి ఎత్తు సుమారు 500 మీటర్లు. ఎప్పుడూ లేస్తూ పడుతూ ఉండే సముద్రానికి మట్టమంటూ ఏది? ఏళ్ళ తరబడి గీసిన పోటు గీతల సగటే ఆ మట్టం. 1909లో దేశమంతటి ఎత్తులను తొమ్మిది రేవుల సగటు మట్టాలకు కట్టి లెక్కగట్టారు. ఆ తొమ్మిదింటిలో విశాఖపట్నం ఒకటి.

కదిరి కింద రాయి

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆ రోజుల్లో చాలామంది భూమి లోపలంతా కరిగిన ద్రవమనీ, పైన పలచని పెంకు మాత్రమే ఉందనీ అనుకునేవారు. కెల్విన్ ఒప్పుకోలేదు. అలాగైతే చంద్రుడు నీటిని జరిపినట్టే పెంకునూ ఉబ్బిస్తాడు. నీరూ నేలా కలిసి లేస్తే ఒడ్డున నిలబడ్డవాడికి పోటే కనబడదు. కనబడుతోంది కాబట్టి భూమి గట్టిది. ఎంత గట్టిది? దీనికి జవాబు వెతికినవాడు పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్. ఇంగ్లండ్, ఫ్రాన్స్, భారతదేశాల రేవుల్లో తీసిన 33 ఏళ్ళ కొలతలు ముందు పెట్టుకుని పక్షానికోసారి వచ్చే నెమ్మది పోటును ఆయన విడదీశాడు. అంత నెమ్మదిగా వచ్చే పోటులో నీరు ఊగిసలాడదు, చంద్రుడికి నిదానంగా లొంగుతుంది. కాబట్టి నేల సంగతి అందులో బయటపడాలి. భూమి ఏమాత్రం లొంగని రాయి అయితే ఎంత పోటు ఉండాలో, 1880ల తొలినాళ్ళలో ఆయన లెక్కలో అందులో సుమారు మూడింట రెండు వంతులే వచ్చింది. మిగతా వంతును నేల తాను లేచి మింగేస్తోంది. భూమి మొత్తం మీద ఉక్కు అంత గట్టిది, ఉక్కు లాగే కొద్దిగా వంగుతుంది.

1913 నుంచి అమెరికాలో మైకెల్సన్, గేల్ దీన్ని వేరే విధంగా సరిచూశారు. యర్కీస్ వేధశాల ఆవరణలో 500 అడుగుల గొట్టాలు నేలలో పాతి, సగం నీళ్ళు నింపి, చివర్లలో మట్టం ఎంత మారుతోందో కొలిచారు. మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క అది. చెరువుకంటే చిన్న నీటికి కూడా పోటు ఉందని కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. డార్విన్ చెప్పిన మూడింట రెండు వంతులే ఇంచుమించుగా వాళ్ళకూ వచ్చింది.

అంటే పోటు కదిరికీ వస్తోంది, నీటికి కాదు, నేలకు. మన కాళ్ళ కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. భూశాస్త్రజ్ఞులు కదిరి పేరుతోనే పిలిచే పురాతన శిలల పట్టీ ఒకటి ఇక్కడుంది. ఆ రాయి, దాని మీద ఊరు, గుడి, వేరుశెనగ చేలు, అన్నీ కలిసి రోజుకు రెండుసార్లు లేచి దిగుతున్నాయి. మనకు తెలియకపోవడానికి కారణం అది ఆరు గంటల పాటు నిదానంగా, వేల కిలోమీటర్ల మేర ఒక్కటిగా జరగడమే. సూర్యచంద్రులిద్దరూ భూమధ్యరేఖకు దగ్గరగా, ఒకే వరసలో ఉన్న రోజుల్లో ఈ తేడా మన అక్షాంశంలో 40 సెంటీమీటర్లు దాటుతుంది. ఏడాదిలో అలాంటి వేళల్లో ఒకటి మార్చి 20 చుట్టుపక్కల వచ్చే పున్నమి. ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాలకు జనం కదిరికి తరలివచ్చే కదిరి పున్నమి తరచు ఆ దగ్గర్లోనే పడుతుంది.

ఈ కదలిక బోరుబావుల్లో కనబడుతుంది కూడా. గట్టి రాతి పగుళ్ళలో పైనుంచి మూసుకుపోయి ఒత్తిడితో ఉన్న నీరు అందుకు కావాలి. చంద్రుడు నెత్తిన ఉన్నప్పుడు నేల సాగుతుంది, పగుళ్ళు రవ్వంత విచ్చుకుంటాయి, బావిలో మట్టం తగ్గుతుంది. చంద్రుడు దిగంతంలో ఉన్నప్పుడు నేల ముడుచుకుంటుంది, మట్టం పెరుగుతుంది. 1879లో బొహీమియాలోని డక్స్ దగ్గర ఒక బొగ్గు గని నీటితో నిండిపోతే, ఆ నీరు చంద్రుడి లయలో లేచి దిగడం ఇంజినీరు క్లోనె గమనించాడు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1990ల రెండో సగం నుంచి భూకంపాల అధ్యయనం కోసం మహారాష్ట్రలోని కోయ్నా ప్రాంతంలో 21 బోర్లు వేయించింది. వాటిలో చాలావాటి మట్టాలు సెంటీమీటర్ల మేర ఈ లయను చూపించాయి. ఆ లయ ఎంత స్పష్టంగా ఉంటే ఆ బోరు రాతి ఒత్తిడిని అంత నమ్మకంగా చెబుతుందని లెక్క. దీని వల్ల బోరులో నీరు పెరగదని మాత్రం రైతు సోదరులు గుర్తుంచుకోవాలి. ఉన్న నీరే జానెడు లోపల పైకీ కిందికీ జరుగుతుంది. మోటారు వేసిన బోరులో అది కూడా కనబడదు.

లోపలి పోటు

సముద్రం ఉపరితలం సంగతి తెలిసిపోయిందనుకున్న రోజుల్లో, పోటుకు లోపలి ముఖం కూడా ఉందని చెప్పిన కొలతల్లో కొన్ని ఆంధ్ర తీరంలోవే. 1950లలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడివారితో కలిసి విశాఖ ముందున్న సముద్రాన్ని పరిశీలించాడు. పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని బరువు నీరు. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఒకేచోట ఉండటం లేదు, పోటు లయలోనే పైకీ కిందికీ ఊగుతోందని ఉష్ణోగ్రత కొలతల్లో తేలింది. ఉపరితలం మీద మీటరు లెక్కలో ఉండే పోటు లోపల పదుల మీటర్ల ఎత్తున్న అలలను లేపగలదు. పైనున్న పడవకు అది తెలియదు.

ఈ లోపలి పోటు ఎంత ముఖ్యమో తేలడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. పోటు నీరు అడుగున రాసుకోవడం వల్ల భూభ్రమణం కొద్దికొద్దిగా మందగిస్తోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టిన అద్దాలతో కొలిచిన అంకె ఇది. భూమి అలా కోల్పోతున్న శక్తి ఎక్కడ ఖర్చవుతోంది? 1919లో జి.ఐ. టేలర్ ఐరిష్ సముద్రాన్ని లెక్కగట్టాడు. మరుసటి ఏడాది జెఫ్రీస్ దాన్ని విస్తరించాడు. అప్పటి నుంచి చాలాకాలం, అంతా తీరాల దగ్గరి లోతు తక్కువ సముద్రాల్లోనే ఖర్చవుతోందన్న మాటే చలామణిలో ఉండేది. 1992లో ఎగిరిన టోపెక్స్-పోసైడన్ ఉపగ్రహం నడిసముద్రపు మట్టాన్ని సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో కొలిచింది. ఆ కొలతలతో 2000లో ఎగ్బర్ట్, రే లెక్క తేల్చారు. పోటు శక్తిలో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా నడిసముద్రంలోనే, అడుగున ఉన్న కొండల మీదుగా నీరు పారేటప్పుడు లోపలి అలలుగా మారి పోతోంది. ఆ అలలు విరిగినచోట అడుగు చల్లనీరు పైనీటితో కలుస్తుంది. మహాసముద్రాల లోతుల్లో ప్రవాహాలు ఆగిపోకుండా నడిపించే కారణాల్లో ఇదొకటి.

పై పోటుకు కెల్విన్ పద్ధతిలో వందేళ్ళ ముందు పట్టిక వేయవచ్చు. లోపలి పోటుకు అది కుదరదు. వర్షాకాలం ముగిశాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు బంగాళాఖాతం మీద పొరలా పరుచుకుంటుంది. వేసవిలో ఆ పొర చెదిరిపోతుంది. పొర మందాన్ని బట్టి లోపలి అలల వేగమూ, ఎత్తూ, అవి తీరం చేరే వేళా మారిపోతాయి. 2022 డిసెంబర్‌లో ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహం ఉపరితలం మీద అవి మిగిల్చే కొద్ది సెంటీమీటర్ల ముద్రలను వెడల్పాటి పట్టీలుగా చూస్తోంది. విశాఖ ముందు రేపు లోపలి పోటు ఎలా ఉంటుందో చెప్పాలంటే చంద్రుడు ఎక్కడున్నాడో తెలిస్తే సరిపోదు, నాసిక్ నుంచి రాజమండ్రి దాకా ఆ ఏడు వాన ఎలా పడిందో కూడా తెలియాలి.